క్రాసు దగ్గర ఆగిపోయిన బస్సు

అది అసెంబ్లీ ఎన్నికల సంవత్సరం. ఫిబ్రవరి నెల. అనంతపురం నుంచి ధర్మవరం పోయే దారిలో, బత్తలపల్లె పక్కన, హైవేకు ఆనుకుని ఒక రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ ఉంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు అందులో షర్టులు కుడతారు. వాళ్లు దాన్ని ఫ్యాక్టరీ అనరు, ‘గార్మెంట్స్’ అంటారు. ‘మా కోడలు గార్మెంట్స్‌కు పోతాండాది’ అంటే ఆ ఇంట్లో నెలనెలా ఒక జీతం వస్తోందని అర్థం. చెనిక్కాయ పంట, అంటే వేరుశనగ, వానను నమ్ముకుని ఉండే ఈ గడ్డ మీద ఆ మాటకు చాలా విలువ ఉంది. నేను పుట్టింది నల్లమాడ దగ్గర మెట్ట రైతు ఇంట్లోనే కాబట్టి ఆ విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు నేను కార్మిక శాఖలో అసిస్టెంట్ కమిషనర్ని. జనం నోట్లో మాత్రం ‘లేబరాఫీసరు మేడమ్’. మా పనిలో ముఖ్యమైనది కన్సిలియేషన్. యాజమాన్యానికీ కార్మికులకూ గొడవ వచ్చినప్పుడు ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి రాజీకి తేవడం. చాలామంది మమ్మల్ని జడ్జీలనుకుంటారు. మేం తీర్పు చెప్పలేం, ఎవరినీ ఏదీ చెయ్యమని ఆజ్ఞాపించలేం. మాట్లాడించగలం, చట్టం ఏమంటుందో చెప్పగలం, ఇద్దరూ ఒప్పుకుంటే ఒప్పందం రాయించి సంతకాలు పెట్టించగలం. ఓపికే మా ఆయుధం అని నాకు ఉద్యోగం నేర్పిన పెద్దాయన ఒకరు అనేవారు.

ఫ్యాక్టరీ నుంచి మేనేజర్ మూర్తి ఫోన్ చేశాడు. బెంగళూరు మనిషి, ముందునుంచీ తెలిసినవాడే. “మేడమ్, లైన్లు నిలిచిపోయినాయి. అందరూ గేటు ముందర కూర్చున్నారు. నోటీసు లేదు, ఏమీ లేదు. ఇది ఇల్లీగల్ స్ట్రైక్. మీరు రావాలి” అన్నాడు. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా వినిపించింది.

నేను పోయేసరికి గేటు ముందు షామియానా వేసి ఉంది. నాలుగు మూలలా ప్రతిపక్ష పార్టీ జెండాలు. మధ్యలో పెద్ద ఫ్లెక్సీ మీద ఆ పార్టీ నుంచి టికెట్ ఆశిస్తున్న నాయకుడి నవ్వు. పార్టీల పేర్లు నేను రాయను. ఒకటి అప్పుడు అధికారంలో ఉన్నది, రెండోది అధికారంలోకి రావాలనుకుంటున్నది. ఈ సంగతికి అంతకన్నా తేడా అవసరం లేదు.

మైకులో నాగభూషణం మాట్లాడుతున్నాడు. ఆయన ఆ పార్టీ కార్మిక విభాగం నాయకుడు. ముఖ్యమంత్రి గురించి మాట్లాడాడు, కరెంటు బిల్లుల గురించి, కాలువ నీళ్ల గురించి మాట్లాడాడు. కింద కూర్చున్న ఆడవాళ్లు చిత్రాన్నం పొట్లాలు చేతుల్లో పట్టుకుని వింటున్నారు. అంతసేపు విన్నా వాళ్లెందుకు కూర్చున్నారో నాకు తెలియలేదు.

ముందు వరసలో ఒకామె నన్ను చూసి లేచి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నుదుటి మీద పెద్ద బొట్టు, మెడలో ఫ్యాక్టరీ ఐడీ కార్డు.

“ఇప్పుడు కనపడిందా మేడమ్ మీకు ఈ దోవ? మేం గేటుకాడ కూచ్చుంటే గాని మీ జీపు రాలా” అంది.

“మీ పేరేంటమ్మా?”

“మారెక్క. కొత్తకుంట మాది.”

“మీకు ఏం కావాలి మారెక్కా?”

“బస్సు” అంది. “మా ఊర్లోకి బస్సు రావాల. అంతే. ఇంగ ఆ మైకులో చెప్పేదంతా వాళ్లది.”

సంగతి ఇదీ. ఫ్యాక్టరీ మొదలైన నాటి నుంచీ కంపెనీ బస్సు కొత్తకుంట లోపలికి వచ్చి ఆడవాళ్లను ఎక్కించుకునేది. ఆ మధ్య బస్సుల కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కాంట్రాక్టరు పేరు ఏదైనా, వెనక ఉన్నది ఆదినారాయణ, అధికార పార్టీ మండల నాయకుడు. అప్పటి నుంచి బస్సు ఊర్లోకి రావడం మానేసింది. ఊరి దారి హైవేలో కలిసే క్రాసు దగ్గర ఆగుతుంది. దారి బాగాలేదని, టైము పడుతుందని కారణం చెప్పారు. ఊర్లో అందరూ అనుకునే కారణం వేరు: పంచాయతీ ఎన్నికల్లో కొత్తకుంట ఆదినారాయణ మనిషిని ఓడించింది.

ఊరి నుంచి క్రాసు దాకా కంకర దారి. చీకటి ఉండగానే బయలుదేరాలి. కాస్త ఆలస్యమైతే బస్సు వెళ్లిపోతుంది. ఆటో పట్టుకుని గేటు దగ్గరికి పోతే లేటని వెనక్కి పంపిస్తారు. నలుగురైదుగురు ఆడపిల్లల్ని ఇళ్లల్లో అప్పటికే పని మాన్పించారు. మారెక్క సూపర్‌వైజర్‌తో గట్టిగా మాట్లాడింది, తర్వాత లైన్‌లో మిషన్ ఆపేసింది. ఆమె వెంట లైన్లన్నీ ఆగాయి. కంపెనీ మారెక్కనూ, ఇంకొందరినీ సస్పెండ్ చేసింది. ఆ సాయంత్రమే షామియానా వెలిసింది.

ఇద్దరినీ పిలిచి మా ఆఫీసులో మొదటి జాయింట్ మీటింగ్ పెట్టాను. కార్మికుల తరఫున నాగభూషణం వచ్చాడు. యాజమాన్యం తరఫున మూర్తి వచ్చాడు, పక్కన ఆదినారాయణ కూడా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదటి పది నిమిషాలు బస్సు గురించి మాట్లాడారు. ఆ తర్వాత గత ఎన్నికల గురించి, అంతకు ముందు ఎన్నికల గురించి, ఎవరి హయాంలో ఎవరి తోటలు నరికారు అనే దాని గురించి మాట్లాడారు. మారెక్క తలుపు పక్కన నిలబడి ఉంది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. నేను కుర్చీ చూపిస్తే, “వద్దులే మేడమ్, నా పని ఈడ ఏముండాది” అంది.

అందరూ వెళ్లాక మూర్తి ఒక్కడే వెనక్కి వచ్చాడు.

“మేడమ్, బస్సు పంపించేది నాకు కష్టం కాదు. ఆపరేటర్లు లేక నా షిప్‌మెంట్ పోతాంది. కానీ నేను బస్సు ఒప్పుకుంటే ఆదినారాయణ నా లారీలు ఆపిస్తాడు. ఒప్పుకోకపోతే, రేపు వాళ్లు గెలిస్తే నాగభూషణం నా గేటుకు తాళం వేస్తాడు. నేను షర్టులు కుట్టించడానికి వచ్చినాను మేడమ్. ఎలెక్షన్ అయ్యేదాకా వాయిదాలు వెయ్యండి.”

ఆ మరునాడు నాకు రెండు ఫోన్లు వచ్చాయి.

మొదటిది ఆదినారాయణది. “నమస్తే మేడమ్. బస్సుదేముంది, ఎప్పుడంటే అప్పుడు తిప్పుతా. కానీ మా అన్న మీటింగు పెడతాండాడు. ఆ స్టేజీ మింద అన్న నోట్లో నుంచే రావాల ఆ మాట. అంతవరకూ మీరు కొంచెం సాగదీయండి.”

రెండోది నాగభూషణానిది. “మేడమ్, మా క్యాండిడేటు టెంటుకాడికి వచ్చేది ఉండాది. అంతలోపల మీరు సెటిల్ చేసేస్తే ఆయప్ప వచ్చి యాడ కూచ్చుంటాడు చెప్పండి?”

ఫోన్ పెట్టేసి ఫైలు ముందుకు లాక్కున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇద్దరూ ఒప్పుకోని గొడవలు ఎన్నో చూశాను. ఇక్కడ బస్సు రావాలని అందరూ ఒప్పుకుంటున్నారు. కాంట్రాక్టరు కూడా. బస్సు ఎవరి చేతుల మీదుగా వస్తుందన్న ఒక్క చోట అంతా ఆగిపోయింది. మా ఆఫీసులోనే ఒకరు, ఎన్నికల కోడ్ వస్తే ఎవరూ స్టేజీ మీద ఏమీ ప్రకటించలేరు, అందాకా ఊరుకోవడం మంచిది అన్నారు. ఆ సలహాలో తెలివి ఉంది. కానీ కోడ్ వచ్చేదాకా ఆ ఆడవాళ్ల పని ఉంటుందా అన్నది ఎవరికీ తెలియదు.

ఆ దారిని కళ్లారా చూడాలనిపించింది. వివాదం ఉన్న చోటికి పోయి చూడడం మా పనిలో భాగమే. జీతం వదులుకోలేక, మారెక్కకు చెప్పే పనికి పోతున్న వాళ్లు ఇంకా కొందరు ఉన్నారు, వాళ్లతో కలిసి నడుస్తానని ఆమెకు కబురు పంపాను. తెల్లవారకముందే కొత్తకుంటలో జీపు దిగాను. సస్పెన్షన్‌లో ఉన్నా మారెక్క వచ్చింది. “ఈ పిల్లోల్లను క్రాసుదాకా ఇడిసిపెట్టి వస్తా రోజూ” అంది.

సెల్‌ఫోన్ లైట్లు వెలిగించుకుని గుంపుగా నడిచాం. చేతుల్లో సద్ది క్యారియర్లు. దూరాన గుట్టల మీద గాలిమరల ఎర్ర దీపాలు ఆరుతూ వెలుగుతున్నాయి. రెండు పక్కలా చెనిక్కాయ పీకేసిన బీడు చేలు. కోళ్ల ఫారం దగ్గరికి వచ్చేసరికి అందరూ మాటలు ఆపేశారు. చేతుల్లోకి రాళ్లు తీసుకున్నారు. నాకు అర్థమయ్యేలోగా కుక్కలు మీదికి వచ్చాయి. మారెక్క ముందుకు దూకి బండబూతులు తిట్టి రాళ్లు విసిరింది. కుక్కలు వెనక్కి తగ్గాయి.

నా పక్కన నడుస్తున్న పిల్ల పేరు శ్రావణి. చిన్న బిడ్డ తల్లి, మొగుడు బెంగళూరులో పని చేస్తాడు. మొన్న ఇదే చోట కుక్కలు తరిమితే పడి మోచేతులు కొట్టుకుపోయాయి.

“మా అత్త రేప్పొద్దన నుంచి పోవద్దంటాండాది మేడమ్. మానుకుంటే నాకేమీ కాదు, ఇంట్లోనే ఉంటా. కానీ నా చేతికి వచ్చే జీతముంటేనే మా అత్త నన్ను కోడలా అని పిలుస్తాది” అని నవ్వింది.

గుంపుకు కాస్త ఎడంగా, వెనకాల ఒకామె ఒంటరిగా వస్తోంది. ఎవరని అడిగాను.

“లక్ష్మీదేవి” అంది మారెక్క, గొంతు మార్చి. “దాని మొగుడు మా ఊర్లో ఆదినారాయణ మనిషి. ఈ పిల్లోల్లు ఇల్లు జరక్క నాకు చెప్పి పోతాండారు. అది మాత్రం మొదటినాడే, మేమందరం గేటుకాడ కూచ్చుంటే, లోపలికి పోయి మిషన్ తొక్కింది.”

“ఆమె కూడా నడుస్తోంది కదా?”

“నడవనీ. వాళ్ల పార్టీ బస్సే గదా. ఇంటిముందరికి పిలిపించుకోమను.”

కాస్త దూరం నడిచాక తనే అంది: “నాగభూషణం అన్నను పిలిచింది నేనే మేడమ్. మా ఇంటాయన ఈరన్న వాళ్ల పార్టీలో తిరుగుతాడు. ఎవురూ రాకపోతే నేనే ఫోన్ చేసి పిలిచినా. వచ్చినాడు, టెంటు ఏసినాడు, చిత్రాన్నం పెట్టినాడు. మంచిదే. కానీ మైకు మాత్రం నా చేతికి ఇయ్యడు. బస్సు మాట ఎత్తితే, ఉండక్కా, అది చిన్న సంగతి, తర్వాత చెప్దువులే అంటాడు. చిన్న సంగతంట!”

అప్పుడు నేను ఆమెకు చట్టంలో ఉన్న మాట ఒకటి చెప్పాను. గుర్తింపు ఉన్న యూనియన్ లేని చోట కార్మికులే సమావేశం పెట్టుకుని తమలో నుంచి ఐదుగురిని ప్రతినిధులుగా ఎన్నుకోవచ్చు. యాజమాన్యంతో మాట్లాడేది వాళ్లే, సంతకం పెట్టేదీ వాళ్లే. ఇది ఒక పక్షం వైపు మాట్లాడడం కాదు. చట్టం అందరికీ ఇచ్చినదాన్ని అందరికీ చెప్పడం నా బాధ్యత. ఇదే సంగతి తర్వాత మూర్తికీ చెప్పాను.

మారెక్క ఆగి నన్ను చూసింది. “అంటే నాగభూషణం అన్న ల్యాకపోయినా జరుగుతాదా?”

“జరుగుతుంది.”

“ఆదినారాయణ?”

“ఆయనా అక్కర్లేదు.”

క్రాసు వచ్చింది. బస్సు అప్పటికే ఇంజన్ ఆన్ చేసుకుని నిలబడి ఉంది. శ్రావణి పరుగెత్తింది.

ఆ తర్వాత ఊర్లో జరిగింది మారెక్కే నాకు చెప్పింది. సాయంత్రం నీళ్ల క్యాన్లు తెచ్చుకోవడానికి ఆడవాళ్లంతా ఆర్వో ప్లాంటు దగ్గరికి వస్తారు. మగవాళ్లు ఎవరూ అనుమానించని చోటు అదొక్కటే. అక్కడే సమావేశం పెట్టుకున్నారు. మిగతా ఊళ్ల నుంచి కూడా గార్మెంట్స్ ఆడవాళ్లు వచ్చారు. నలుగురి పేర్లు తేలిగ్గానే ఒప్పుకున్నారు. ఐదో మనిషిగా లక్ష్మీదేవి పేరును శ్రావణి చెప్పింది. మారెక్క ఎగిరిపడింది.

“వాళ్ల పార్టీ దాన్ని పెట్టుకుంటే మన మాటలన్నీ ఆ రాత్రికే ఆదినారాయణ ఇంట్లో ఉంటాయి” అంది.

అక్కడే క్యాను పట్టుకుని నిలబడి ఉన్న లక్ష్మీదేవి నేరుగా వచ్చి అడిగిందట: “నా కాళ్లకేం పార్టీ ఉండాది మారెక్కా? నీ మాదిరే నొప్పి పుడతాండాయి. నేను గేటుకాడ కూచ్చోలేదంటే, ఆడ జెండా ఉండాది. ఆ జెండా కింద కూచ్చుంటే మా ఇంటాయన నన్ను ఇంట్లోకి రానిస్తాడా? నువ్వు టెంటు ఏసినప్పుడు ఆ సంగతి తలిచినావా?”

“నాకు ఎదురు మాట దొరకలా మేడమ్” అంది మారెక్క, ఈ సంగతి చెబుతూ. “కోపమైతే వచ్చింది. ఐదో పేరు మాత్రం దానిదే రాసినాం.”

మరునాడు వాళ్లు షామియానా దగ్గరికి పోయి జెండాలు విప్పారు. మట్టి కాకుండా మడిచి నాగభూషణం చేతికిచ్చారు. “అన్నా, నువ్వు చేసిన మేలు మరిచిపోం. ఓటు మాట ఓటు నాడు చూసుకుందాం. ఇది మాత్రం మేం మాట్లాడుకుంటాం” అంది మారెక్క. నాగభూషణం మొహం నల్లబడింది. సస్పెండ్ కాని వాళ్లంతా నడుచుకుంటూ పోయి పనిలో చేరారు. ఇల్లీగల్ స్ట్రైక్ అనే మాట మూర్తి చేతిలో నుంచి జారిపోయింది.

మారెక్క మాత్రం ఇంట్లో దానికి మూల్యం చెల్లించుకుంది. ఎన్నికల్లో ఆమె మొగుడు ఈరన్నకు రావాల్సిన పోలింగ్ బూత్ పని, ప్రచారం పని రాకుండా పోయాయి. ‘ఇంట్లో ఆడదాన్ని నిలపలేనోడు ఊర్లో ఓట్లేం నిలుపుతాడు’ అని పార్టీ వాళ్లు అన్నారట. ఆయన ఆమెతో మాట మానేశాడు. ఆమె వండింది ముట్టలేదు. “రోజూ హోటల్లో ఉగ్గాని తిని బతకతాండాడు మేడమ్. తిననీ, ఎన్నాళ్లు తింటాడు” అని ఆమె తేలిగ్గా అంది గానీ, అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

రెండో మీటింగ్ రోజు మా ఆఫీసు వరండా నిండిపోయింది. ఒక పక్క నాగభూషణం, ఆయన మనుషులు. ఇంకో పక్క ఆదినారాయణ, ఆయన మనుషులు. ఐదుగురు ఆడవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. మూర్తి కారులో నుంచి దిగడానికే జంకుతున్నాడు.

నేను మా అటెండర్‌తో, “పార్టీలను లోపలికి రమ్మను” అన్నాను. అది మా ఆఫీసులో రోజూ అనే మాటే. అతను బయటికి పోయి గట్టిగా పిలిచాడు. నాగభూషణం, ఆదినారాయణ ఇద్దరూ ఒకేసారి లేచారు.

నవ్వు ఆపుకుని తలుపు దగ్గరికి వెళ్లి చెప్పాల్సి వచ్చింది. “మా చట్టంలో పార్టీలంటే రెండే. ఒకటి యాజమాన్యం, ఇంకోటి కార్మికులు. మీరు ఈ రెండింటిలో ఏ పార్టీ?”

“మేం ప్రజల పార్టీ మేడమ్” అన్నాడు నాగభూషణం.

“ప్రజలు మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లను రానివ్వండి” అన్నాను.

లోపల మాటలు తేలిగ్గా సాగలేదు. మూర్తికి నేను సెక్షన్ నైన్-ఎ గురించి చెప్పాను. కార్మికులకు అలవాటుగా ఇస్తూ వచ్చిన సౌకర్యాన్ని తీసెయ్యాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, ఉన్నఫళంగా తీసెయ్యడం కుదరదు అని దాని సారాంశం. బస్సు అలాంటి సౌకర్యమే. ఆయన కాదనలేదు. “చట్టం నాకు అర్థమైంది మేడమ్. బయట కూర్చున్న ఆయనకు ఎవరు అర్థం చేయిస్తారు?” అన్నాడు.

లక్ష్మీదేవి లేచి, కొంగు సర్దుకుని బయటికి నడిచింది. నేను కూడా తలుపు దగ్గరికి పోయాను. ఆమె ఆదినారాయణ ముందు నిలబడింది.

“అన్నా, మా ఇంటాయన నీకు ఈ మాట చెప్పలేడు, నేను చెప్తాండా. నేను మన పార్టీకే ఓటు ఏస్తా. మా ఊర్లో మన ఓట్లు సగం ఉండాయి. ఆ సగం ఇళ్లల్లోని ఆడోళ్లు కూడా నాతోపాటే నడస్తాండారు. రేపు ఓట్లడిగేదానికి నువ్వు మా ఊర్లోకి వస్తావు గదా? బస్సు పట్టని దోవలో నీ కారు యాట్ల పడ్తాది?”

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆదినారాయణ ముందు కోపంగా చూశాడు. తర్వాత ఆమె అన్నది లెక్క వేసుకున్నట్టున్నాడు. “నేనేం వద్దన్నానా చెల్లెలా? డ్రైవర్లు దోవ బాగల్యా అన్నారు, నేనూ సరే అనుకున్యా. దానికి ఇంత రచ్చ ఎందుకు?” అన్నాడు. మూర్తి ఆ మాట విన్నాడు. కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాడు.

తర్వాత చిక్కు వచ్చింది సస్పెన్షన్ల దగ్గర. మారెక్క క్షమాపణ రాసిస్తే వెనక్కి తీసుకుంటామన్నాడు మూర్తి.

“తప్పు చేసింటే రాసిస్తా సార్. నడిచినందుకు రాసియ్యమంటే యాట్ల?” అంది మారెక్క. ఎంత చెప్పినా కదలలేదు. చివరికి క్షమాపణ మాట కంపెనీ వదులుకుంది. సస్పెన్షన్‌లో ఉన్న రోజులను సెలవుల కింద రాసుకోవడానికి ఆడవాళ్లు ఒప్పుకున్నారు. మారెక్కకు అది నచ్చలేదు. పండగలకు దాచుకున్న సెలవులు పోయాయని బయటికి వచ్చి చాలాసేపు గొణిగింది. రాజీ అంటే అదే. ఎవరూ పూర్తిగా సంతోషంగా ఇంటికి పోరు. చట్టంలో సెక్షన్ ట్వెల్వ్-త్రీ కింద రాసుకునే ఆ ఒప్పందం మీద ఐదుగురూ సంతకాలు పెట్టారు. మూర్తి పెట్టాడు. నేను పెట్టాను.

బస్సు ఊర్లోకి వచ్చింది. దానికంటే ముందు ఫ్లెక్సీలు వచ్చాయి. క్రాసు దగ్గర ఒక పక్క, ‘కొత్తకుంట ఆడపడుచులకు బస్సు తెచ్చిన మా అన్నకు ధన్యవాదాలు’ అని ఆదినారాయణ నాయకుడి బొమ్మ. ఎదురుగా ఇంకో పక్క, ‘పోరాడి బస్సు సాధించిన మా అన్నకు జేజేలు’ అని నాగభూషణం నాయకుడి బొమ్మ. రెండింటిలోనూ నమస్కారం పెడుతున్న మగవాళ్ల ఫొటోలు చాలా ఉన్నాయి, ఆడమనిషి మొహం ఒక్కటీ లేదు. నాకు ఒళ్లు మండింది. మారెక్కకు ఫోన్ చేసి ఆ మాటే అన్నాను.

ఆమె నవ్వింది. “ఏసుకోనీ మేడమ్. ఎండకు నిలబడేదానికి నీడన్నా అయితాది. బస్సు వస్తాండాదా ల్యాదా?”

ఈరన్న ఇంట్లో తింటున్నాడా అని అడిగాను. “నిన్న సంగటి అడిగినాడు. మాట మాత్రం ఇంగా లేదు” అంది.

నా ఫైలు అక్కడ ముగిసింది. మా భాషలో, వివాదం పరిష్కారమైంది. నా అనుభవాల్లో దీన్ని రాయాలనిపించింది మాత్రం ఆ తర్వాత జరిగిన దానివల్ల.

వేసవిలో ఎన్నికలు జరిగాయి. ప్రభుత్వం మారింది. ఆ మార్పు వెనకే కాంట్రాక్టులూ మారాయి. ఫ్యాక్టరీ బస్సులు నాగభూషణం బంధువుల చేతికి వచ్చాయి. కొత్తకుంటకు బస్సు ఠంచనుగా వస్తోంది. ఆగిపోయింది మాత్రం నాగులదొడ్డికి. అది ఆదినారాయణ సొంత ఊరు. అక్కడి నుంచీ ఆడవాళ్లు గార్మెంట్స్‌కు వస్తారు. సమ్మె నాడు వాళ్లెవరూ గేటు దగ్గర కూర్చోలేదు. బస్సు కిటికీల్లో నుంచి కొత్తకుంట వాళ్లను చూసి నవ్వుకుంటూ లోపలికి పోయారు.

ఒక ఉదయం మూర్తి ఫోన్. “మేడమ్, మళ్లీ మొదలైంది. బస్సు క్రాసు దగ్గర నిలిచిపోయింది. కొత్తకుంట వాళ్లే నిలిపినారు. మీరు రండి.”

పాత ఫైలు తీసుకుని బయలుదేరాను. దారంతా ఆలోచన. కొత్తకుంట వాళ్లకు బస్సు ఉంది, పార్టీ గెలిచింది, ఇంకేం కావాలి? ఏదో కొత్త కోరిక పెట్టి ఉంటారు, గెలిచిన వేడి అలాంటిది అనుకున్నాను.

క్రాసు దగ్గర కల్వర్టు గోడ మీద కొత్తకుంట ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. బస్సు లేదు. నాగభూషణం మోటారు సైకిల్ పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

“చూడండి మేడమ్, మనోళ్ల కోసం నేను బస్సు ఏస్తే ఈమె ఎగస్పార్టీ ఊరికి పోనిస్తేనే ఎక్కుతానంటాది” అన్నాడు. తర్వాత మారెక్క వైపు తిరిగాడు. “నిన్ను చీకట్లో నడిపించినోళ్లు వాళ్లు. మర్సిపోయినావా?”

“నడిపించినోడు వేరే అన్నా” అంది మారెక్క. “ఆ ఆడోళ్లు కాదు. నిన్న పొద్దన బస్సులో పోతాంటే కనపడినారు. చేతుల్లో రాళ్లు పట్టుకోని వస్తాండారు. మా మాదిరే.”

తర్వాత తెలిసింది, ఆ ఉదయం ఏం జరిగిందో. బస్సు క్రాసుకు రాగానే మారెక్క డ్రైవర్‌ను నాగులదొడ్డికి తిప్పమంది. అతను తనకు ఎవరూ అలా చెప్పలేదన్నాడు. ఆమె దిగింది. వెనకే లక్ష్మీదేవి దిగింది, శ్రావణి దిగింది, బస్సంతా ఖాళీ అయింది. ఒక్క మనిషి లేకుండా బస్సు ఫ్యాక్టరీకి పోతే కాంట్రాక్టు ఉండదని డ్రైవర్‌కు తెలుసు. నాగభూషణం వచ్చి అరిచాడు, బతిమాలాడు. నేను వచ్చేలోపే ఓడిపోయి, బస్సును నాగులదొడ్డికి పంపించాడు.

నాకు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. నేనూ కల్వర్టు మీద కూర్చున్నాను.

“వాళ్లు మీకు సాయం రాలేదు కదా మారెక్కా. మిమ్మల్ని చూసి నవ్వారు కూడా” అన్నాను. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను.

“నవ్వినారు. నాకు ఇంగా మంటగానే ఉండాది” అంది. “వాళ్లు ఎక్కినాక చెప్తా వాళ్ల సంగతి. ముందు ఎక్కనీ.”

దుమ్ము లేపుకుంటూ బస్సు తిరిగి వచ్చింది. లోపల నాగులదొడ్డి ఆడవాళ్లు తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. కొత్తకుంట వాళ్లు ఎక్కారు. సీట్లు ఎవరివి అని ఎవరూ వాదించుకోలేదు. ఇద్దరు కూర్చునే చోట ముగ్గురు సర్దుకున్నారు. మారెక్క మాత్రం నిలబడే, ఎవరినో పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టింది. బస్సు హైవే ఎక్కేదాకా ఆ తిట్లు నాకు వినిపించాయి. వాటికి లోపల ఎవరో నవ్వడం కూడా వినిపించింది.

అంతకు ముందు ఏ గొడవకు పోయినా కార్మికులను నేను అడిగే మొదటి ప్రశ్న, “మీరు ఏ యూనియన్?” అని. వాళ్లు ఎవరి వైపో తెలిస్తే సంగతంతా తెలిసినట్టే అని మా శాఖలో చాలామంది అనుకుంటాం. పేపర్ల వాళ్లూ, పోలీసులూ, పార్టీల వాళ్లూ అలాగే అనుకుంటారు. ఆ ఉదయం తర్వాత నేను ఆ ప్రశ్న మానుకున్నాను. ఇప్పుడు ముందుగా, “పనికి మీతోపాటు ఎవరెవరు వస్తారమ్మా?” అని అడుగుతాను. జవాబు చెప్పేముందు వాళ్లు కాసేపు ఆలోచిస్తారు. తర్వాత ఒక్కొక్క పేరే చెబుతారు.